కళ్లు మూసుకునే ముందే సగం పని: ఇంట్లో సెల్ఫ్ హిప్నాసిస్‌కి ఏర్పాట్లు

గుంటూరు కొత్తపేటలో మందుల షాపులో కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. రాత్రి తొమ్మిది దాటాక కౌంటర్ దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "నిద్రకి ఒక్క బిళ్ల ఇవ్వండి" అనేవాళ్లు రోజుకి ఒకరిద్దరైనా ఉంటారు. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వను. ఇవ్వనన్నాక ఊరికే పంపించబుద్ధి కాక, నేను ఇంట్లో చేసుకునే సెల్ఫ్ హిప్నాసిస్, అంటే మనకి మనమే మాటలు చెప్పుకుని మనసుని ఒక్కచోట నిలుపుకోవడం, ఎలాగో చెప్తుంటాను. అలా చెప్పీ చెప్పీ నోటికొచ్చేసిన మాటలే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. హిప్నాసిస్ పట్టుబట్టి చేసేది కాదు. పాలు తోడు పెట్టడం చూడండి. పెరుగుని మనం తయారు చేయం. పాలు కాచి, గోరువెచ్చన అయ్యేదాకా ఆగి, కాస్త తోడు వేసి, గిన్నె కదపకుండా పక్కన పెడతాం. మిగతాది దానంతట అదే అవుతుంది. తొందరపడి వేడి పాలలో తోడు వేస్తే చెడుతుంది. మాటిమాటికీ మూత తీసి గరిటె పెట్టి చూస్తే నీళ్లు విడుస్తుంది. నా దగ్గరికొచ్చేవాళ్లు "ఏమని అనుకోవాలండీ?" అని అడుగుతారు గానీ ఏ వేళ, ఏ కుర్చీ, ఎంతసేపు అని ఒక్కరూ అడగరు.

నేను నేర్చుకున్నదీ దెబ్బ తినే. మొదట విజయవాడలో ఒక క్లాసుకి వెళ్లాను. ఎవరు పెట్టారో ఇప్పుడు అనవసరం. ఫంక్షన్ హాల్లో యాభై అరవై మందిమి, ప్లాస్టిక్ కుర్చీలు, ఏసీ గాలి సూటిగా నెత్తి మీదకి. బస్సు దిగి టీ తాగి, బాత్‌రూమ్‌కి వెళ్లే టైమ్ లేక అలాగే కూర్చున్నాను. మైకులో ఆయన "మీ ఒళ్లు బరువెక్కుతోంది" అంటుంటే నాకు బరువెక్కింది ఒళ్లు కాదు, పొత్తికడుపు. చివర్లో "అనుభూతి కలిగినవాళ్లు చేతులెత్తండి" అన్నారు. చుట్టూ అందరూ ఎత్తారు, నేనూ ఎత్తాను. ఇది నాకు పడదులే అని రెండేళ్లు వదిలేశాను.

తర్వాత ఒక ఎండాకాలం సాయంత్రం కరెంటు పోయింది. వరండాలో మా నాన్నగారి పడక కుర్చీలో వాలి, ఎదురింట్లో ఇన్వర్టర్ మీద వెలిగే చిన్న ఎర్ర చుక్కని చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి రెప్పలు వాటంతట అవే పడ్డాయి. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగిన చప్పుడు వినబడింది గానీ చెయ్యి కదపాలనిపించలేదు. పది నిమిషాలయ్యిందనుకున్నాను. గడియారం చూస్తే ముప్పావుగంట. కుర్చీ కుదిరింది, వేళ కుదిరింది, ఎవరూ నన్ను చెయ్యెత్తమనలేదు.

ముందు భయం తీరాలి

హిప్నటిజం అన్న పేరులోనే చిన్న తిరకాసు ఉంది. మాంచెస్టర్‌లో పనిచేసిన స్కాట్లాండ్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్ 1843లో వేసిన పుస్తకంతో ఈ మాట జనంలోకి వచ్చింది. గ్రీకుల నిద్ర దేవుడు హిప్నోస్ పేరు మీద పెట్టిన మాట. కొన్నేళ్లకి ఆయనకే ఇది నిద్ర కాదని, మనసు ఒకే ఆలోచన మీద నిలబడిపోవడమని అనిపించి పేరు మార్చాలని చూశారు. అప్పటికే పాత పేరు పాతుకుపోయింది.

గుంటూరు నుంచి విజయవాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటారు. కాజ టోల్‌గేటు దగ్గర ఆగింది గుర్తుంటుంది. మళ్లీ చూసేసరికి బస్సు వారధి మీద ఉంటుంది, కింద కృష్ణ. మంగళగిరి ఎప్పుడు దాటిందో తెలీదు. కళ్లు తెరిచే ఉన్నాయి, కండక్టర్ పిలిస్తే పలికేవాళ్లే. మనం ఇంట్లో తెచ్చుకోవాలనుకునేది దీనికి దగ్గరి చుట్టం.

కాబట్టి "లోపలే ఇరుక్కుపోతే?" అన్న భయం వద్దు. మహా అయితే నిద్ర పడుతుంది, నిద్రపోయినవాళ్లు లేస్తారు. అయితే అందరికీ ఇది తగదు. మూర్ఛ ఉన్నవాళ్లు, లేని మాటలు వినబడేవాళ్లు, స్కిజోఫ్రీనియాకి మందులు వాడేవాళ్లు, ఈమధ్యే పెద్ద దెబ్బ తిని ఇంకా తేరుకోనివాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. కారణం తేలని తలనొప్పినో ఛాతీ నొప్పినో దీంతో నొక్కిపెట్టకండి. బీపీ, షుగర్ బిళ్లలు దీన్ని నమ్ముకుని ఆపేస్తే మళ్లీ కొత్తపేటలోనే కలుసుకుంటాం, కాకపోతే ఈసారి మీరు ఆసుపత్రి మంచం మీద ఉంటారు.

వేళ చూసుకోవడం

ముద్దపప్పు, గోంగూర, నెయ్యి కలిపి తిని కూర్చుంటే వచ్చేది హిప్నాసిస్ కాదు, గురక. భోజనానికీ దీనికీ మధ్య గంటన్నరైనా ఉండాలి. అలాగని కడుపులో పేగులు అరుస్తుంటే మనసు వంటింటి వైపే పోతుంది. నేను షాపు కట్టేసి ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నానికి ముందు కూర్చుంటాను. స్నానం పెద్ద సాయం. రోజంతా కౌంటర్ దగ్గర నిలబడ్డ కాళ్ల అలసట అక్కడే సగం దిగిపోతుంది. కాఫీ తాగితే రెండు గంటలు ఆగండి.

తెల్లవారుజామున కూర్చోవచ్చు గానీ మీ వీధికి కుళాయి ఎప్పుడొస్తుందో చూసుకోండి. ఒక చెవి బిందె చప్పుడు మీద ఉంచి ఈ పని చేయలేం. మే నెల మధ్యాహ్నాలు మన ఊళ్లో దేనికీ పనికిరావు, దీనికి అసలే రావు. మీకు కుదిరే వేళ ఏదైనా సరే, రోజూ అదే ఉంచండి. రెండు మూడు వారాలయ్యాక ఆ టైముకి ఆ కుర్చీ దగ్గరికి వెళ్తుంటేనే ఒళ్లు సర్దుకోవడం మొదలవుతుంది.

చోటు, కుర్చీ, గాలి

మంచం వద్దు. మంచం ఎక్కితే నిద్రపోవాలని ఒంటికి ఏళ్ల తరబడి అలవాటు. నిద్ర పట్టడం కోసమే చేస్తుంటే మాత్రం మంచం మీదే చేయండి, అప్పుడు ఆ అలవాటు మన పక్షాన ఉంటుంది. మిగతా వాటికి తల ఆనడానికి వీలున్న కుర్చీ కావాలి. పడక కుర్చీ ఉంటే అదృష్టవంతులు. లేకపోతే మామూలు చేతుల కుర్చీని గోడకి ఆనించి, మెడ వెనక తువ్వాలు చుట్ట పెట్టుకోండి. తల వెనక్కి వేలాడితే పది నిమిషాల్లో మెడ పట్టేస్తుంది. పాదాలు రెండూ నేల మీద ఉండాలి. కాలు మీద కాలు వేస్తే తిమ్మిరెక్కుతుంది, దాన్నే ట్రాన్స్, అంటే హిప్నాసిస్‌లో మనసు ఒక్కచోట నిలిచిపోయే స్థితి, అనుకునే ప్రమాదం కూడా ఉంది.

లుంగీయో నైటీయో, నడుము బిగించని బట్టలు వేసుకోండి. వాచీ, కళ్లజోడు, కాంటాక్ట్ లెన్స్ తీసి పక్కన పెట్టండి. బాత్‌రూమ్‌కి వెళ్లి రండి. విజయవాడలో నాకు ఎవరూ చెప్పని ముక్క ఇదే.

ఫ్యాను గాలి మొహం మీదకి సూటిగా కొట్టకూడదు, కళ్లు ఆరిపోయి నీళ్లొస్తాయి. కదలకుండా కూర్చుంటే కాసేపటికి ఒళ్లు చల్లబడుతుంది. ఏసీ గదిలో అయితే మోకాళ్ల మీద పల్చటి దుప్పటి వేసుకోండి. చలిగా ఉందన్న ఆలోచన ఒక్కసారి తలలో దూరిందంటే ఆ పూటకి అంతే. కూలర్ రొద ఒకందుకు మేలే, ఒకే స్థాయిలో వస్తుంది కాబట్టి వీధి చప్పుళ్లని మింగేస్తుంది. దోమల మందు పావుగంట ముందే పెట్టి, కూర్చునే ముందు ఘాటు తగ్గనివ్వండి. డాబా మీద మిరపకాయలు ఎండబోసిన రోజు, పక్కింట్లో కారం దంచే రోజు మానేయండి. గుంటూరు వాళ్లకి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

వెలుగు తక్కువ చాలు. జీరో బల్బు వేయండి, లేదా పక్క గది లైటు వేసి తలుపు ఓరగా పెట్టండి. కొవ్వొత్తి ముందు కూర్చోవడం సినిమాల్లో బాగుంటుంది. కళ్లు మూసుకుని కూర్చునే గదిలో మంట ఎందుకు, వద్దు.

చప్పుళ్లు, ఇంట్లోవాళ్లు

ఫోన్ సైలెంట్‌లో పెడితే చాలదు. బల్ల మీద అది గుర్రుమంటే గుండె ఝల్లుమంటుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. నేను చెప్పకుండా మొదలుపెట్టాను. మూడో రోజు మా ఆవిడ వచ్చి చూస్తే నోరు కాస్త తెరుచుకుని, తల పక్కకి వాలి ఉన్నానట. "ఏమండీ! ఏమండీ!" అని భుజం పట్టుకుని కుదిపేసింది. ఆ అదురు దిగడానికి గంట పట్టింది, నాకు కాదు, ఆవిడకి. ఇప్పుడు తలుపుకి నా తువ్వాలు వేలాడుతుంటే ఇరవై నిమిషాలు ఎవరూ పిలవకూడదని లెక్క.

ఎంత చేసినా అపార్ట్‌మెంట్లో నిశ్శబ్దం దొరకదు. బ్రాడీపేట వైపు ఉండేవాళ్లకి రైలు కూత ఉంటుంది, ఏ పేటలో ఉన్నా కుక్కర్ విజిల్, గుడి మైకు, తోపుడుబండి కేక ఉండనే ఉంటాయి. వాటితో పోట్లాడకండి. మొదట్లోనే "విజిల్ వినబడిన ప్రతిసారీ నా భుజాలు ఇంకొంచెం దిగుతాయి" అని ఒకసారి అనుకోండి. శబ్దాన్ని అడ్డుగా కాక మెట్టుగా వాడుకోవడం హిప్నాసిస్ చేసేవాళ్లకి పాత కిటుకు. మా ఇంట్లో పప్పుకి నాలుగు విజిల్స్. నాకు అవి బాగా అలవాటైపోయాయి.

మాట రాసుకోవడం

ఇది కళ్లు మూసుకున్నాక ఆలోచించే పని కాదు. ముందే కాగితం మీద రాసి ఉంచుకోవాలి. ఒక విడతకి ఒకే విషయం. నిద్ర, సిగరెట్, పరీక్ష టెన్షన్, బరువు అన్నీ ఒకేసారి ఎత్తుకుంటే ఏదీ కదలదు.

ఫ్రాన్స్‌లో త్రోయ్ అనే ఊళ్లో ఎమిల్ కువే అని నాలాగే ఒక మందుల షాపాయన ఉండేవాడు. సీసా చేతికిస్తూ ఆ మందు గురించి రెండు మంచి మాటలు చెప్తే అది ఇంకా బాగా పనిచేస్తోందని గమనించి ఆయన ఈ దారి పట్టాడు. "రోజురోజుకీ, అన్ని విధాలా, నేను మెరుగవుతున్నాను" అని పొద్దున్న లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు ఇరవైసార్లు అనుకోమనేవాడు. లెక్క తప్పకుండా ఇరవై ముళ్లు వేసిన దారం పట్టుకోమనేవాడు. మన ఇళ్లలో జపమాల ఉంది గానీ, దేవుడి గదిలో వస్తువు దీనికి వాడితే మా అమ్మ ఊరుకోదు. ఆయన చెప్పిన ఇంకో మాట నాకు ఎక్కువ పనికొచ్చింది. మన సంకల్పానికీ ఊహకీ పోటీ పడితే ఊహే గెలుస్తుందట. "నిద్రపోవాలి, నిద్రపోవాలి" అని పళ్లు బిగించినకొద్దీ నిద్ర దూరంగా పోయేది అందుకే.

తెలుగులో రాసుకునేటప్పుడు ఒక చిక్కు ఉంది. మనకి కాదు, లేదు, వద్దు అన్నీ చివర్లో వస్తాయి. "నేను పరీక్షలో భయపడను" అనుకోండి. పరీక్ష, భయం రెండూ ముందే వచ్చి కూర్చున్నాయి. ఆ చివరి "ను" వచ్చేసరికి ఆలస్యమైపోయింది. మా వీధిలో నీట్‌కి చదివే అమ్మాయికి ఇలా రాసిచ్చాను: "పేపర్ చేతికి రాగానే నా భుజాలు కిందికి దిగుతాయి. ఊపిరి నిదానిస్తుంది. మొదటి ప్రశ్న తీరిగ్గా చదువుతాను." ఒంట్లో ఏం జరగాలో చెప్పే మాట మనసుకి తేలిగ్గా ఎక్కుతుంది. "నాకు ఫస్ట్ ర్యాంకు వస్తుంది" అంటే లోపల ఎవరో నవ్వుతారు.

ఇంట్లో మాట్లాడే భాషలోనే రాయండి. "నేను ప్రశాంతతను పొందుచున్నాను" అంటే రేడియోలో వార్తలు వింటున్నట్టుంటుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే మా అమ్మ నుదుటి మీద చెయ్యేసి "ఏం కాదులేరా, పడుకో" అనేది. నా కాగితంలో ఇప్పటికీ ఆ ముక్క ఉంది. అందులో "కాదు" ఉంది కదా అంటారేమో. ఉంది. అమ్మ మాటకి మినహాయింపు.

కావాలంటే మీ గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు, ఫ్లైట్ మోడ్‌లో కూడా వినొచ్చు. మామూలుగా మాట్లాడేదానిలో సగం వేగంతో, వాక్యానికీ వాక్యానికీ మధ్య రెండు ఊపిర్లు వదిలి చదవండి. మొదటి రెండు రోజులు మన గొంతు మనకే సిగ్గేస్తుంది, తర్వాత పోతుంది.

ఇక కూర్చోండి

బ్రెయిడ్ తన సర్జరీ కత్తుల పెట్టెని రోగి కళ్లకి ఎనిమిది నుంచి పదిహేను అంగుళాల దూరంలో, నుదుటికి కాస్త పైన పట్టుకుని దాన్నే చూడమనేవాడు. మనకి అంత హంగు వద్దు. బొట్టుబిళ్లల అట్ట నుంచి ఒక చిన్న బిళ్ల తీసి ఎదురు గోడకి అంటించండి. తల నిటారుగా పెట్టి కళ్లు మాత్రమే పైకెత్తితే కనబడే ఎత్తులో ఉండాలి. తల ఎత్తాల్సి వస్తే మరీ పైకి పెట్టినట్టు. మా ఆవిడ మెరూన్ రంగు బిళ్ల ఒకటి నాకు రాసిచ్చేసింది.

మూడుసార్లు ఊపిరి పీల్చి, పీల్చినదానికంటే నెమ్మదిగా వదలండి. తర్వాత ఊపిరి సంగతి మర్చిపోయి బిళ్లని చూడండి. రెండు మూడు నిమిషాలకి అంచులు చెదురుతాయి, చుట్టూ గోడ రంగు మారినట్టుంటుంది, బిళ్ల ఒకటి రెండవుతుంది, రెప్పలు అల్లాడతాయి. రెప్పలు బరువెక్కగానే మూసేయండి, పౌరుషానికి పోయి తెరిచి ఉంచొద్దు. కంటి ఆపరేషన్ అయినవాళ్లు ఈ బిళ్ల పని మానేసి నేరుగా కళ్లు మూసుకోండి.

అక్కణ్ణుంచి బరువు. జర్మనీ డాక్టర్ యోహానెస్ షుల్ట్జ్ 1932లో వెలువరించిన పద్ధతిలో మొదటి మెట్టు బరువు, రెండోది వెచ్చదనం. "కుడి చెయ్యి బరువుగా ఉంది" అని నాలుగైదుసార్లు అనుకోండి. తడిసిన దుప్పటి దండెం మీద వేలాడినట్టు ఊహించుకుంటే తొందరగా వస్తుంది. తర్వాత ఎడమ చెయ్యి, కాళ్లు, దవడ. దవడని చాలామంది మర్చిపోతారు. పైపళ్లకీ కిందపళ్లకీ మధ్య కాస్త సందు ఉండాలి. ఆ తర్వాత అదే వరసలో వెచ్చదనం.

ఇప్పుడు కిందికి దిగాలి. నేను సీతానగరం వైపు కృష్ణ ఒడ్డుకి మెట్లు దిగుతున్నట్టు పది నుంచి ఒకటి దాకా లెక్కపెడతాను. ఏడో మెట్టు దగ్గర గాలి చల్లగా తగులుతుంది, మూడో మెట్టు తడిగా ఉంటుంది, ఒకటి అనేసరికి చీలమండల దాకా నీళ్లు. నీళ్లంటే భయమున్నవాళ్లు అమ్మమ్మగారింటి పెరట్లోకి దిగండి, ఎక్కడికి దిగినా ఒకటే. అంకె మధ్యలో తప్పిపోతే వెనక్కి వెళ్లొద్దు, తప్పిపోవడం మంచి గుర్తే.

అక్కడ కాగితం మీద రాసుకున్న మాటలు నిదానంగా పదిసార్లు అనుకోండి. అనుకుంటూ ఆ దృశ్యం చూడండి. పరీక్ష గురించైతే: హాల్లో బల్ల, పేపర్ అంచు వేళ్లకి తగలడం, పెన్ను మూత తీయడం. ఐదు నిమిషాలు చాలు. ఈలోపు "వచ్చిందా, రాలేదా" అని చూసుకుంటే గిన్నె మూత తీసి గరిటె పెట్టినట్టే. మనసు పక్కకి పోతే పోనివ్వండి, తెలిసినప్పుడు వెనక్కి రండి.

నిద్ర పట్టేస్తుందని అనుమానమా? మోచెయ్యి కుర్చీ చేతి మీద ఆనించి ముంజేతిని నిలువుగా ఉంచండి. కునుకు పట్టగానే చెయ్యి పడిపోతుంది, మెలకువ వస్తుంది.

బయటికి రావడం

తొందర పడొద్దు. "ఐదు అనగానే కళ్లు తెరుస్తాను, ఒళ్లు తేలిగ్గా, మామూలుగా ఉంటుంది" అనుకుని ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టండి. బరువు వదిలించుకోవడానికి షుల్ట్జ్ చెప్పినట్టే పిడికిళ్లు బిగించి, చేతులు గట్టిగా మడిచి చాచి, ఊపిరి బాగా పీల్చి, కళ్లు చివర్లో తెరవండి. మధ్యలో కాలింగ్ బెల్ మోగినా ఈ నాలుగు పనులూ చేశాకే లేవండి. ఒక గ్లాసు మంచినీళ్లు తాగండి. పదిహేను నిమిషాలు స్కూటర్ తాళం ముట్టుకోవద్దు. బండి నడుపుతూ, పొయ్యి దగ్గర నిలబడి ఆ రికార్డింగ్ అసలే వినొద్దు.

మొదటి వారం చాలామందికి "ఏమీ కాలేదు, ఊరికే కూర్చున్నాను" అనిపిస్తుంది. దీనికి లొంగే గుణం అందరిలో ఒకేలా ఉండదు. స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో దాన్ని కొలవడానికి 1959లోనే ఒక స్కేలు తయారుచేశారు. బాగా లోతుకి పోయేవాళ్లు కొందరు, అసలు కదలనివాళ్లు కొందరు, మనలాంటి ఎక్కువమంది మధ్యలో. టెన్షన్ తగ్గించుకోవడానికి మధ్యలో ఉన్నా చాలు.

ఇంకొకరి దగ్గరికి వెళ్లదలిస్తే సైకియాట్రిస్టు గానీ క్లినికల్ సైకాలజిస్టు గానీ అయ్యుండాలి. మీ జబ్బులు, వాడే మందులు ముందు అడగాలి. కావాలంటే మీ మనిషిని గదిలో కూర్చోనివ్వాలి. ఒక్క సిట్టింగ్‌లో నయం చేస్తామన్నా, పోయిన జన్మ చూపిస్తామన్నా లేచి వచ్చేయండి. మర్చిపోయిన జ్ఞాపకాలు తవ్వితీస్తామనేవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. ఆ స్థితిలో లేనివి కూడా ఉన్నట్టే కనబడతాయి, తర్వాత అవే నిజమని ఒట్టేసి చెప్తాం. 1845లో బెంగాల్లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే డాక్టర్, క్లోరోఫారం ఇంకా రాకముందు, రోగుల్ని ఇలాంటి స్థితిలోకి తీసుకెళ్లి ఆపరేషన్లు చేశాడు. దానికోసం చీకటి గదిలో ఆసుపత్రి సహాయకులు రోగి పక్కన గంటల తరబడి కూర్చునేవాళ్లు. చిటికె వేయగానే పడిపోయే సంగతి స్టేజీ మీదే.

గోడకి అంటించిన బిళ్ల వానాకాలం చెమ్మకి ఊడిపోతుంది. కొత్తది అంటించేటప్పుడు ముందు కుర్చీలో కూర్చుని, ఎత్తు సరిచూసుకుని, పెన్సిల్‌తో చుక్క పెట్టించుకోండి. మొన్న మా ఇంటికి రంగులేసినప్పుడు నేను నిలబడి అంటించాను. వారం రోజులు మెడ నొప్పి ఎందుకో అర్థం కాలేదు.